మోరీ ఫొటోలు ఇంకా నా ఫోన్‌కే వస్తున్నాయి

నా ఫోన్‌లో గ్యాలరీ తెరిస్తే మా పాప ఫొటోలకంటే మోరీల ఫొటోలే ఎక్కువ కనిపిస్తాయి. నిండిన మోరీ, పొంగిన మోరీ, పైన బండ విరిగి నోరు తెరిచిన మోరీ. మధ్యమధ్యలో రాత్రి వెలగని వీధి లైటు, పగలు ఆరని వీధి లైటు, నల్లాలో వచ్చిన ఎర్రనీళ్లు పట్టిన స్టీలు బిందె. ఏ ఫొటో కింద చూసినా ఒకటే మాట: ‘అక్కా, జర చూడు.’

చూస్తూనే ఉన్నాను. కాకపోతే ఇప్పుడు నాకు పదవి లేదు. 2020 జనవరి 22న మా దగ్గర ఓట్లు పడ్డాయి, ఆ నెల 27న ప్రమాణం చేశాం, ఐదేళ్లు 2025 జనవరి 26తో నిండిపోయాయి. తర్వాత ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. ఇది 2025 సెప్టెంబర్. ఏడు నెలలు దాటినా ఫొటోలు ఆగలేదు. ‘అన్నా, నేనిప్పుడు మాజీని’ అని ఒకాయనకు మెసేజ్ పెట్టాను. ‘మాజీ అయితే మోరీ కనపడదా?’ అని తిరిగి పెట్టాడు. ఏం చెప్తాం!

మాది ఉత్తర తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు, పార్టీ పేరు ఇక్కడ రాయడం లేదు. రేపు మళ్లీ టికెట్ అడగాల్సి వస్తే ఈ వ్యాసం ప్రింటవుట్ ఎవరో ఒకరు నాయకుడి టేబుల్ మీద పెడతారు, అది ఖాయం. గెలిచినప్పుడు నాకు 24 ఏళ్లు. బీకాం చదివాను. మా ఆయన గల్ఫ్‌లో ఉంటాడు. వార్డు బీసీ మహిళకు రిజర్వ్ కావడంతో మా వీధిలో చదువుకున్న కోడలు ఎవరున్నారా అని వెతుక్కుంటూ వచ్చారు. అలా మొదలైంది.

స్తంభం వాళ్లది, బల్బు మాది

మొదటి ఆరు నెలలు నేను నేర్చుకున్నదల్లా ఏది ఎవరిదో. వీధి లైటు వెలగలేదంటే అది బల్బు పోవడమా, వైరు తెగడమా చూడాలి. బల్బు మున్సిపాలిటీది. స్తంభం, దాని మీద కరెంటు తీగ విద్యుత్ సంస్థవి. బల్బు మార్చే మనిషి వచ్చి ‘తీగలో కరెంటు లేదు మేడం’ అని పోతాడు. లైన్‌మన్ వచ్చి ‘బల్బు మాది కాదమ్మా’ అని పోతాడు. ఇద్దరూ నిజమే చెప్తారు. గల్లీ మాత్రం చీకట్లోనే ఉంటుంది. ఇద్దరినీ ఒకే రోజు, ఒకే గంటకు, ఒకే స్తంభం కిందికి రప్పించడమే కౌన్సిలర్ పని అని నాకు అర్థమయ్యేసరికి దసరా వచ్చింది.

నీళ్లూ అంతే. పెద్ద పైపు నుంచి మా ట్యాంకు దాకా తెచ్చేది ఒక శాఖ, ట్యాంకు నుంచి నల్లా దాకా ఇచ్చేది మున్సిపాలిటీ. మా వార్డు మధ్యలోంచి పోయే మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీది. దాని మీద గుంత పడితే మేం తట్టెడు మొరం పోయాలన్నా ఆలోచించాలి. సర్కారు బడి విద్యాశాఖది. అందులో బాత్రూంకు నీళ్లు రాకపోతే మాత్రం ఆడపిల్లల తల్లులు మా గుమ్మం ముందుకే వస్తారు.

రాజ్యాంగం దగ్గరికి వెళ్తే కథ వేరేగా ఉంటుంది. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతోపాటు వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనులు 18 ఉన్నాయి. టౌన్ ప్లానింగ్, రోడ్లు, నీళ్లు, పారిశుద్ధ్యం, పార్కులు, వీధి లైట్లు, శ్మశానాలు, జనన మరణాల నమోదు, చివరికి బందెలదొడ్డి కూడా. చదువుతుంటే ‘అబ్బ, ఎంత పవర్!’ అనిపిస్తుంది. కానీ ఆ అధికారాలను రాష్ట్రం మున్సిపాలిటీకి ‘ఇవ్వవచ్చు’ అని ఉంది తప్ప ‘ఇవ్వాలి’ అని లేదు. ఆ ఒక్క మాటలోనే మా ఐదేళ్లు గడిచిపోయాయి. ఏ పార్టీ రాష్ట్రంలో ఉన్నా ఈ విషయంలో తేడా నాకైతే కనిపించలేదు. పైన ఢిల్లీ తమకు అధికారాలు ఇవ్వడం లేదని మాట్లాడే నాయకులే కిందికి ఇచ్చే దగ్గర చేయి బిగపడతారు.

అంశం నంబర్ 14

కౌన్సిల్ మీటింగ్ ఎలా జరుగుతుందో మీలో చాలామంది చూసి ఉండరు. టీవీలో అసెంబ్లీ వస్తుంది, మాది రాదు. ముందుగా ఎజెండా కాగితాలు ఇంటికి వస్తాయి. ముప్పై చిల్లర అంశాలు. ఫలానా గల్లీలో సీసీ రోడ్డు, ఫలానా ట్రాక్టర్ రిపేర్ బిల్లు, బ్లీచింగ్ పౌడర్ కొనుగోలు, కార్మికుల సబ్బులు, కొబ్బరినూనె. మీటింగ్‌లో ఒకరు అంశం నంబర్ చదువుతారు, బల్లలు చరుస్తారు, ‘ఆమోదం’. అంశానికి నిమిషం కూడా పట్టదు. ఇవి కాక ‘టేబుల్ ఎజెండా’ అని ఇంకోటి ఉంటుంది. అంటే ముందుగా ఇవ్వకుండా, అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే అంశాలు. అసలు ముచ్చట్లన్నీ అందులోనే ఉంటాయి.

నా మూడో మీటింగ్‌లో అంశం నంబర్ 14 మా వార్డు మోరీ పూడికతీత బిల్లు. నేను అదే మోరీ పక్కన ఉంటాను. పూడిక తీసినట్టు నాకు తెలియదు. లేచి, ఎం.బీ. చూపించండి అన్నాను. ఎం.బీ. అంటే మెజర్‌మెంట్ బుక్. ఎంత పొడవు, ఎంత లోతు పని జరిగిందో ఇంజనీర్ కొలిచి రాసే పుస్తకం. దాన్ని బట్టే బిల్లు. హాల్లో రెండు క్షణాలు సప్పుడు లేదు. వెనక నుంచి ఒక పెద్దమనిషి, ‘చిన్నపిల్ల కదా, తెలుస్తది మెల్లగ’ అన్నాడు, అందరూ నవ్వారు. నేను కూర్చోలేదు. ఆ అంశం వాయిదా పడింది. తర్వాత వారం నిజంగానే జేసీబీ వచ్చి పూడిక తీసింది. బిల్లు వచ్చే మీటింగ్‌లో పాసైంది, నేనూ చెయ్యెత్తాను. పని అయ్యాక అభ్యంతరం ఎందుకు?

ఇంకో సంగతి. మున్సిపాలిటీలో ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ, ఎంపీలు ఎక్స్ అఫీషియో సభ్యులు. చైర్మన్ ఎన్నికలో వాళ్లకు ఓటు ఉంటుంది. 2020లో చాలా చోట్ల గెలుపోటములు ఈ ఓట్లతోనే మారాయి. వార్డు తిరిగి, గడప గడపకు మొక్కి గెలిచినవాళ్ల లెక్కను, వార్డే లేని సభ్యులు మార్చేయడం న్యాయమేనా? మీటింగ్‌కు వాళ్లు రావొచ్చు, సలహా చెప్పొచ్చు. చైర్మన్‌ను ఎన్నుకునే ఓటు మాత్రం వద్దని నా అభిప్రాయం. మా పార్టీకి దానివల్ల లాభమో నష్టమో నేను లెక్కేయలేదు.

‘కౌన్సిలర్ సాబ్ ఉన్నడా?’

‘శివరాపల్లి’ సిరీస్ చూశారు కదా. సర్పంచ్ ఆవిడ, పెత్తనం భర్తది. నవ్వుకున్నాం. మా కౌన్సిల్‌లో సగం సీట్లు మహిళలవి, చట్టమే 50 శాతం ఇచ్చింది. మీటింగ్ హాల్ బయట వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్న భర్తల సంఖ్య కూడా దాదాపు అంతే. మా ఆయన దేశంలో లేడు కాబట్టి ఆ కుర్చీ మా మామయ్యకు దక్కింది. పొద్దున్నే గేటు దగ్గర ‘కౌన్సిలర్ సాబ్ ఉన్నడా?’ అని ఎవరైనా పిలిస్తే నేను ఇంట్లోంచి వచ్చేలోపు ఆయనే సమాధానం చెప్పేవాడు.

ఆయన మీద కోపం లేదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి. కాకపోతే మగవాళ్లు మామయ్యకు చెప్పే పనులు వేరు, ఆడవాళ్లు నాకు చెప్పే పనులు వేరు. మగవాళ్లు సీసీ రోడ్డు, కమ్యూనిటీ హాల్, హైమాస్ట్ లైటు అడుగుతారు. ఆడవాళ్లు నల్లా టైం అడుగుతారు. నీళ్లు పొద్దున మూడింటికి వదిలితే పట్టుకునేది ఎవరు? బీడీలు చుట్టుకుంటూ పదకొండింటికి పడుకున్న మనిషి మూడింటికి లేచి బిందెలు పెట్టాలి. నేను కౌన్సిలర్‌గా చేసిన పనుల్లో నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఒక్క రూపాయి ఖర్చు కాని పని. మా లైనుకు నీళ్లు వదిలే టైం పొద్దున ఆరుకు మార్పించడం. దానికి శిలాఫలకం లేదు, ఫొటో లేదు. వాల్వు తిప్పే మనిషితో నాలుగుసార్లు మాట్లాడాల్సి వచ్చింది, అంతే.

పన్ను రసీదు చదివారా?

ఇప్పుడు మీతో కొంచెం డబ్బు లెక్క మాట్లాడాలి. మీ ఇంటి పన్ను రసీదు ఎప్పుడైనా చూశారా? మీ నాన్న కట్టి బీరువాలో పెట్టి ఉంటారు, లేదా యూపీఐ హిస్టరీలో ఉంటుంది. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో, గ్రౌండ్ ప్లస్ వన్ దాకా సొంత ఇల్లు కట్టుకున్నవాళ్లకు పన్ను ఏడాదికి 100 రూపాయలే. ‘ఇంత తక్కువైతే ఊరు ఎలా బాగుపడుతుంది’ అని ఇంజనీరింగ్ చదివిన తమ్ముళ్లు కొందరు నాతో వాదించారు. నేను ఆ వందను సమర్థిస్తాను. 75 గజాల ఇంట్లో ఉండేవాళ్ల దగ్గర పిండితే ఎంత వస్తుంది? సమస్య అక్కడ లేదు. కింద నాలుగు షట్టర్లు అద్దెకిచ్చి పైన ఉంటూ మొత్తం ఇల్లేనని రాయించుకున్న బిల్డింగుల దగ్గర ఉంది. మూడంతస్తులు కట్టి ఒక అంతస్తుకే పన్ను కడుతున్నవాళ్ల దగ్గర ఉంది. రేటు పెంచే ముందు కొలతలు సరిగ్గా తీయండి అని మీటింగ్‌లో ఎన్నిసార్లు అన్నానో. అన్న ప్రతిసారీ ఎవరో ఒకరి షట్టర్ గుర్తొచ్చి హాలు నిశ్శబ్దమయ్యేది.

ఆ రసీదులో ఇంకో ముక్క ఉంటుంది. గ్రంథాలయ పన్ను. ఇంటి పన్ను మీద 8 శాతం. అంటే వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. ఇది మున్సిపాలిటీ డబ్బు కాదు. మీ దగ్గర వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాలి. మా ఊరి లైబ్రరీకి పొద్దున ఏడింటికి వెళ్లి చూడండి. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లు టిఫిన్ డబ్బాలతో లైన్లో ఉంటారు. కుర్చీలు చాలక కొందరు ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని దానికి గొలుసు వేసి తాళం పెట్టుకుంటారు. ఒకసారి అక్కడి అమ్మాయిలు వచ్చి, ‘అక్కా, ఎండాకాలం ఫ్యాను కింద సీటు కోసం కొట్లాట అయితుంది’ అన్నారు.

నేను కౌన్సిల్‌లో ఒకే ప్రశ్న రాసి ఇచ్చాను. గ్రంథాలయ పన్ను కింద ఎంత వసూలైంది, ఎంత పంపారు? మొదటి మీటింగ్‌లో ‘నివేదిక సమర్పిస్తాం’ అన్నారు. రెండో మీటింగ్‌లోనూ అదే మాట. మూడో మీటింగ్‌కు కాగితం వచ్చింది. వసూలైనదాంట్లో సగం కూడా వెళ్లలేదు. మిగతాది జీతాలకు, కరెంటు బిల్లుకు, డీజిల్‌కు వాడుకున్నారు. ఎవరూ జేబులో వేసుకోలేదు, అది నేను ఒప్పుకుంటాను. డబ్బు లేని ఆఫీసు ఏ డబ్బానైనా తీసి వాడుతుంది. కానీ ఆ డబ్బా మీద పేరు రాసి ఉంది కదా! గొడవ చేశాక బకాయిలో కొంత వెళ్లింది. ఆరు ఫ్యాన్లు, నాలుగు పెద్ద బల్లలు వచ్చాయి. మిగతా బకాయి అలాగే ఉంది. మీ ఊళ్లో లెక్క ఏమిటో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో చెప్పాలి. పరీక్షకు పాలిటీ చదివేవాళ్లకు ఇది ప్రాక్టికల్స్ అనుకోండి.

కేంద్రం డబ్బు గురించీ ఒక ముక్క. 15వ ఆర్థిక సంఘం మాలాంటి చిన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. అందుకే ‘కుల సంఘం భవనానికి పైసలు ఎందుకు ఇవ్వవు’ అని ఎవరైనా అలిగితే, లేక కాదు, పెట్టకూడదు కాబట్టి అని చెప్పేదాన్ని. నమ్మేవారు కాదు. నాకు మాత్రం ఆ షరతు నచ్చింది. అది లేకపోతే మోరీ డబ్బంతా కమాన్లు కట్టడానికే పోయేది.

బతికే చెట్టే నాటారు

చట్టాల గురించి ఒకటి నేర్చుకున్నాను. పైన టార్గెట్ రాసేవాళ్లకు కింద ఏం జరుగుతుందో కనపడదు. 2019 చట్టంలో మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని ఉంది. మంచిదే. దాంతోపాటు నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే వార్డు సభ్యుల పదవికే ముప్పు అని పెట్టారు. మాకు చెమటలు పట్టాయి. నీళ్ల ట్యాంకర్ మా చేతిలో లేదు, నర్సరీ మా చేతిలో లేదు, మేకలైతే ఎవరి చేతిలోనూ లేవు.

అప్పుడు అందరికీ ఒక ఉపాయం తట్టింది. మేక ముట్టని, నీళ్లు పెద్దగా అడగని, మూడేళ్లలో ఏపుగా లేచే మొక్క నాటితే సరి. అదే కోనోకార్పస్. రాష్ట్రమంతా డివైడర్ల మీద, వెంచర్లలో మీరు చూసిన ఆ ముదురాకుపచ్చ చెట్టు. దాని పుప్పొడితో ఇబ్బందులని, వేర్లు పైపుల్లోకి పోతాయని గోల మొదలయ్యాక 2022లో ఇక నాటొద్దని ప్రభుత్వమే చెప్పింది. తప్పు మొక్కది కాదు. ఎన్ని బతికాయని మాత్రమే అడిగితే బతికేదే నాటుతారు. ఎంత నీడ వచ్చిందని అడిగి ఉంటే వేప, కానుగ నాటేవాళ్లం, నాలుగు చచ్చినా ఆరు మిగిలేవి. మా వార్డులో అంగన్‌వాడీ ముందు కానుగ మొక్కలు పెట్టించాను. లెక్కల్లో అవి బాగా కనిపించవు. మధ్యాహ్నం పిల్లలు వాటి కిందే అన్నం తింటున్నారు.

కుక్కలు, ఒక కఠినమైన జవాబు

నాకొచ్చే తిట్లలో నూటికి తొంభై కుక్కల గురించే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన వీడియో చూశాక మా వార్డులో తల్లులు పిల్లల్ని ట్యూషన్‌కు పంపడం మానేశారు. ‘పట్టుకపోయి ఎక్కడన్న ఇడిచిపెట్టు’ అంటారు. 2023 ఏబీసీ నిబంధనల ప్రకారం కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చిన చోటే వదలాలి. ‘పైసలు తీసుకుని మళ్లీ ఇక్కడే వదిలిండ్రు’ అని జనం మా మీద పడతారు. ఖాళీ అయిన చోటుకు టీకా లేని కొత్త గుంపు వస్తుంది, అందుకే అదే చోట వదలడం అని నేను చెప్తుంటే, చేతిలో కుట్లు పడ్డ పిల్లాడిని చూపించి ‘ఇది వాడికి చెప్పు’ అంటారు. ఆ తల్లికి నా దగ్గర మంచి జవాబు లేదు. పద్ధతి సరైనదే, కానీ అది పనిచేయాలంటే ఊళ్లో ఎక్కువ భాగం కుక్కలకు కొద్దికాలంలోనే ఆపరేషన్లు అవ్వాలి. మా దగ్గర ఒక విడత బండి వచ్చి, బిల్లు ఆగి, వెళ్లిపోయి, ఏడాదికి మళ్లీ వచ్చేది. ఆలోపు పుట్టాల్సినవి పుట్టేవి.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ కేసులో కుక్కలకు అన్నం పెట్టే చోట్లు వార్డు వారీగా గుర్తించమంది. రేపు మా ఊరికీ అదే వస్తే, ఆ చోటు ఏ గల్లీలో ఉండాలో చెప్పేది ఎవరు? ఎవరింటి ముందు పెట్టినా గొడవే. కూర్చుని మాట్లాడి ఒప్పించాల్సిన పని అది. సర్క్యులర్‌తో అయ్యేది కాదు.

ఖాళీ హాలు

అందుకే నాకు ఈ ఖాళీ అంటే భయం. రాజ్యాంగంలో చాలా స్పష్టంగా ఉంది. మున్సిపాలిటీ గడువు ఐదేళ్లు, అంతకుమించి లేదు. ఆ ఐదేళ్లు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తవ్వాలి. కానీ మన దగ్గర అలవాటు వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో పాలకవర్గాల గడువు ముగిస్తే, మళ్లీ ఓట్లు 2014 మార్చి 30న పడ్డాయి. మూడేళ్లకు పైగా ఊళ్లకు కౌన్సిల్ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గడువు తీరితే, మధ్యలో కరోనా కూడా వచ్చి, 2021 మార్చిలో ఎన్నికలయ్యాయి. ఇప్పుడు మా వంతు. బీసీలకు 42 శాతం బిల్లును 2025 మార్చిలో అసెంబ్లీ ఆమోదించింది, అది తేలాలంటున్నారు. నేను బీసీ మహిళా సీటులోనే గెలిచినదాన్ని. ఆ వాటా రావాలి. అయితే గడువు జనవరిలో తీరుతుందని ఐదేళ్ల ముందే అందరికీ తెలుసు కదా?

ప్రత్యేకాధికారి మంచాయన. ఫోన్ ఎత్తుతారు. కానీ ఆయన అసలు ఉద్యోగం వేరే ఉంది, చూడాల్సిన మున్సిపాలిటీ మాదొక్కటే కాదు. తీర్మానాలు అవుతూనే ఉంటాయి, సంతకం ఒక్కటే ఉంటుంది. అంశం నంబర్ 14 దగ్గర లేచి ఎం.బీ. చూపించమనేవాళ్లు ఉండరు. ఆ పెద్దమనిషి నవ్వు కూడా ఉండదు.

2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి మొదలైనప్పుడు ప్రతి వార్డులో నాలుగు కమిటీలు వేశారు. యువతకు, మహిళలకు, పెద్దవాళ్లకు, ఊళ్లో పేరున్నవాళ్లకు ఒక్కోటి, కమిటీకి 15 మంది. అంటే మీ వార్డులో 15 మంది యువకుల కమిటీ కాగితం మీద ఉండి ఉంటుంది. మా వార్డు యువత కమిటీ మొదటి పది రోజులు చీపుర్లతో ఫొటోలు దిగింది, తర్వాత సగం మంది హైదరాబాద్ వెళ్లిపోయారు. మిగిలిన ఏడుగురు మాత్రం పనికొచ్చారు. వార్డులో ప్రతి స్తంభానికి పెయింట్‌తో నంబర్ రాశారు. అప్పటి నుంచి ‘మా ఇంటి దగ్గర లైటు’ కాకుండా ‘27వ స్తంభం’ అని ఫిర్యాదు వెళ్లేది. నాకొచ్చే ఫొటోల్లో ఇప్పటికీ ఆ నంబర్ కనిపిస్తుంది. వాళ్లలో ఒకడికి మొన్న 21 నిండాయి. స్థానిక ఎన్నికల్లో పోటీకి అదే వయసు. తిరువనంతపురంలో ఆర్యా రాజేంద్రన్ 2020లో మేయర్ అయింది 21 ఏళ్లకే. ‘అక్కా, ఈసారి నేను నిలబడనా?’ అన్నాడు. సీటు మహిళకే ఉంటే మీ చెల్లెను నిలబెడదువు గానీ, నువ్వు వరండాలో కుర్చీ వేసుకోవద్దు అన్నాను.

మా వార్డు చివర చిన్న వాగు మీద పాత తూము ఉంది. ఇరుకు. పెద్దది కట్టాలని 2024 నవంబర్ మీటింగ్‌లో తీర్మానం చేశాం. టెండర్ పిలిచేలోపు మా గడువు అయిపోయింది. మొన్న ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్‌లను ముంచిన వానలు మా మీద అంతగా పడలేదు. పడిన కాస్తకే ఆ తూము దగ్గర నీళ్లు వెనక్కి తన్ని రాత్రి పదకొండు గంటలకు తొమ్మిది ఇళ్లలోకి వచ్చాయి. ఒక ఇంట్లో బీడీలు చుట్టే ఆమె కంపెనీ నుంచి తెచ్చుకున్న ఆకు, తంబాకు మంచం కింద పెట్టుకుంది. అంతా నానిపోయింది. ఆ లెక్క ఆమె కూలీలోంచే కోత పడుతుంది. పొద్దున నాకు ఫొటో పంపలేదు. ఆ తడిసిన కట్టలు గంపలో పెట్టుకుని నేరుగా ఇంటికి వచ్చి గుమ్మంలో దించింది. ‘నువ్వు కౌన్సిలర్‌వు కాదని తెలుసు బిడ్డా. మరి ఎవల దగ్గరికి పోవాలె?’ అంది.

తీర్మానం నకలు, తూము ఫొటోలు, తొమ్మిది ఇళ్లవాళ్ల సంతకాలు ఒక ఫైల్‌లో పెట్టాను. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. టోకెన్ కోసం పది లోపు చేరాలి. ఆమె కూడా వస్తానంది, ఏడున్నర బస్సుకు.